ప్రహ్లాదుని విరామకాలపు పాఠము

కాలమును పెద్దలు మూడుగా విభజించి చెప్పుదురు: భూతము, వర్తమానము, భవిష్యత్తు. గడచినదానిపై ఎవరికిని అధికారము లేదు. రానున్నదానిపై ఆశ కలదే కాని అది హస్తగతమైన వస్తువు కాదు. మానవుని చేతికి అందునది నడిమి కాలము ఒక్కటే. అయినను లోకములో ఎక్కువమంది ఆ నడిమి కాలమునే లెక్కలో చేర్చరు. బాలుడు పెద్దవాడనైన పిదప అనియు, యువకుడు ఉద్యోగము స్థిరపడిన పిదప అనియు, గృహస్థు పిల్లల పెండ్లిండ్లు జరిగిన పిదప అనియు, వృద్ధుడు ఈ నలత కొంచెము తగ్గిన పిదప అనియు భగవచ్చింతనను ముందునకు జరుపుచునే యుందురు. ఈ జరుపుట పెద్దలనుండి పిల్లలకు సంక్రమించుచున్నది. "ముందు చదువు, తరువాత దేవుడు" అను మాట వినబడని గృహము నేడు అరుదు.

ఆ మాట పలుకువారు చెడ్డవారు కారు. బిడ్డపై ప్రేమచేతనే పలుకుదురు. చిక్కు అంతయు అందులోనే యున్నది. పరాయివాని ఆజ్ఞను కాదనుట కష్టము కాదు. కన్నతండ్రి మాటను, చదువు చెప్పు గురువు మాటను కాదనుట ఎట్లు? తల్లిని, తండ్రిని, ఆచార్యుని దైవముగా భావింపవలెనని ఉపనిషత్తే శాసించుచున్నది కదా. ఆ శాసనమును మీరకయే, చేతనున్న ఈ క్షణమును భగవంతునికి సమర్పించు మార్గమేది? శ్రీమద్భాగవత సప్తమస్కంధములోని ప్రహ్లాదచరిత్ర ఈ ప్రశ్నకు సమాధానము. బమ్మెర పోతనామాత్యుని చలువవలన ఆ కథ తెలుగువారి ఇండ్లలో పిల్లలకు కూడ కంఠస్థమైయున్నది. కథ అందరికి తెలిసినదే. అందులోని కాలవిచారము మాత్రము మరల మరల మననము చేయదగినది.

గతముపై పగ, భవిష్యత్తుపై భయము

ముందుగా తండ్రిని చూడవలెను. హిరణ్యకశిపుని తమ్ముడు హిరణ్యాక్షుడు. అతడు వరాహమూర్తి చేతిలో హతుడయ్యెను. ఆ దుఃఖము అన్నగారి హృదయములో పగగా గడ్డకట్టెను. ఆ పగతో అతడు మందరాద్రికి పోయి ఘోరతపస్సు చేసెను. నూరు దివ్యవర్షములు నీరైనను ముట్టలేదు. శరీరమును పుట్టలు కప్పివేసెను. చీమలు చర్మమాంసములను తినివేసెను. బ్రహ్మదేవుడు ప్రత్యక్షమైనప్పుడు అతడు కోరినదేమి? ఇంటిలోపల గాని వెలుపల గాని, పగలు గాని రాత్రి గాని, నేలపై గాని ఆకాశమున గాని, మనుష్యునివలన గాని మృగమువలన గాని, ఆయుధమువలన గాని తనకు మరణము కలుగరాదని కోరెను. బ్రహ్మసృష్టిలోని ఏ ప్రాణియు తన్ను చంపరాదని కోరెను.

ఈ వరముల పట్టికను నిదానముగా చదివినచో ఒక సంగతి తేటపడును. ఇందులో సుఖమును గూర్చిన చింతకంటె రేపు ఏమగునో అను భయమే అధికము. ఏ ద్వారమునుండి మృత్యువు వచ్చునో లెక్కించి ఒక్కొక్క ద్వారమును మూసికొన్నాడు. అతనికి గతమున్నది, అది పగ. భవిష్యత్తున్నది, అది భయము. ఈ రెంటి నడుమ వర్తమానమునకు చోటు లేదు. మూడు లోకములను ఏలుచుండియు అతడు తృప్తి నెరుగడని భాగవతము చెప్పుచున్నది.

ఇట్టి తండ్రికి నలుగురు కుమారులు. వారిలో ప్రహ్లాదుని నడవడి వేరు. ఆటవస్తువులను విడిచి, మనస్సును శ్రీహరియందు నిలిపి, కూర్చున్నను, నడచినను, తినినను, త్రాగినను, మాటలాడినను ఆ పనులపై ధ్యాస లేక ఆయననే తలచుచుండెడివాడు. అతనికి ధ్యానమునకు వేరొక సమయము అక్కరలేదు. ఏ పని జరుగుచున్నదో ఆ పనియే అతనికి ధ్యానసమయము. పోతనగారు ఈ ఘట్టమును విస్తరించి వర్ణించిన తీరు తెలుగు పాఠకులు ఎరిగినదే.

ఇంతటి తన్మయుడగుటచే ప్రహ్లాదుడు లోకమర్యాద తెలియనివాడని తలచరాదు. పెద్దల పాదములకడ సేవకునివలె వినయముగా మెలగెడివాడనియు, దీనులపై తండ్రివలె వాత్సల్యము చూపెడివాడనియు, సమానులయెడ సోదరునివలె స్నేహముగా నుండెడివాడనియు, గురువులను ఈశ్వరభావముతో చూచెడివాడనియు నారదమహర్షి ధర్మరాజునకు చెప్పియున్నాడు. కథ ముందునకు సాగినకొలది ఈ మాట విలువ తెలియును.

చదివిన చదువు

శుక్రాచార్యుని కుమారులైన చండామార్కులు రాజమందిరమునకు సమీపముననే నివసించుచు రాక్షసబాలురకు చదువు చెప్పెడివారు. ప్రహ్లాదుని కూడ అచ్చటనే చేర్చిరి. ప్రహ్లాదుడు పాఠశాలను ఎగవేయలేదు. గురువులు చెప్పినదంతయు శ్రద్ధగా వినెను. విన్నదానిని తిరిగి అప్పగించెను. అయితే "ఇది నాది, అది పరులది" అను భేదబుద్ధిపై నిలిచిన ఆ నీతిని మనస్సులో మెచ్చలేదు. నాలుకకు చదువు వచ్చినది, హృదయము మాత్రము శ్రీహరిని విడువలేదు. విద్యార్థికి ఇంతకంటె నిజాయితీ గల స్థితి మరియొకటి యుండదు.

ఒకనాడు తండ్రి బాలుని ఒడిలో కూర్చుండబెట్టుకొని, నీకు మంచిదని తోచినది చెప్పుమని అడిగెను. గృహమను చీకటినూతిలో పడక, వనమునకేగి శ్రీహరిని ఆశ్రయించుటయే మేలని కుమారుడు చెప్పెను. తండ్రి నవ్వెను. ఎవరో పరులు బాలుని బుద్ధిని చెడగొట్టుచున్నారని తలచి, కావలి ఇంకను గట్టిగా నుండవలెనని ఆజ్ఞాపించెను. గురువులు బాలుని పిలిచి, ఈ బుద్ధి ఎవరు నేర్పిరని మెల్లగా అడిగిరి. అయస్కాంతమువద్ద ఇనుము తనంత తాను కదలునట్లు తన మనస్సు చక్రపాణివైపు కదలుచున్నదని అతడు పలికెను. గురువులు కోపించిరి, బెత్తము తెమ్మనిరి. రాక్షసకులమను చందనవనములో ముండ్లచెట్టు మొలచినదని నిందించిరి. పిదప ధర్మార్థకామములను, సామదానభేదదండములను శ్రద్ధగా బోధించిరి.

రెండవసారి తల్లి బాలునికి స్నానము చేయించి అలంకరించినది. గురువులు తండ్రికడకు తీసికొనిపోయిరి. పాదములపై వ్రాలిన కుమారుని తండ్రి లేవనెత్తి కౌగిలించెను. ఒడిలో కూర్చుండబెట్టుకొని శిరస్సు మూర్కొని ఆనందబాష్పములు రాల్చెను. ఇంతకాలము నేర్చినదానిలో మేలైనది చెప్పుమనెను. ప్రహ్లాదుడు శ్రవణము, కీర్తనము, స్మరణము మొదలుగా ఆత్మనివేదనము వరకు నవవిధభక్తిని చెప్పెను. ఒక్క క్షణము క్రితము కన్నీటితో తడిపిన ఆ తండ్రియే బాలుని ఒడినుండి నేలపైకి విసరివైచెను.

తండ్రి ప్రేమ నటన కాదు. ఆ కన్నీరు నిజమైనదే. కాని ఆ ప్రేమకొక షరతు ఉన్నది: కుమారుడు తన పగను మోయవలెను, తన భయమును పంచుకొనవలెను. అప్పుడే అతడు కుమారుడు. కాదన్నచో రోగము పట్టిన అవయవమువలె కోసివేయవలసినవాడు. అయిదేండ్ల బిడ్డను గూర్చి తండ్రి పలికిన పలుకు ఇది. షరతుతో కూడిన ప్రేమ ఎక్కడికి పోవునో భాగవతము ఈ ఒక్క ఘట్టములో చూపినది.

వయసు వచ్చిన బుద్ధి వచ్చునా?

శూలములు, ఏనుగులు, పాములు, విషము, ఉపవాసము, మంచు, గాలి, అగ్ని, సముద్రము, పర్వతశిఖరములు ఇన్నియు వ్యర్థమైనవి. తండ్రికి దిగులు పుట్టెను. అప్పుడు చండామార్కులు ఏకాంతమున రాజునకు ఒక ఉపాయము చెప్పిరి. శుక్రాచార్యులు తిరిగివచ్చువరకు బాలుడు పారిపోకుండ వరుణపాశములతో బంధించి యుంచుడు. వయస్సుచేతను, పెద్దల సేవచేతను మనుష్యునికి బుద్ధి కుదురును అని వారి మాటల భావము.

విషముకంటె, ఏనుగులకంటె సున్నితమైన అస్త్రమిది. భక్తిని చంపనక్కరలేదు, వాయిదా వేసిన చాలును. "ఇప్పుడు చిన్నవాడు, పెద్దయిన తరువాత తానే తెలిసికొనును" అను మాట వినుటకు ఎంత ఇంపుగా నుండును! కాని ఆ మాటలో బాలునికి చేతనున్న కాలమును లాగికొనుట యున్నది. దండోపాయము ఓడినచోట వాయిదా అను ఉపాయము గెలుచునని ఆ గురువులు ఎరుగుదురు. అందువలననే ప్రహ్లాదుని సమాధానము కూడ కాలమును గూర్చియే యున్నది.

నూరేండ్ల లెక్క

ఒకనాడు గురువులు ఇంటిపనులకై లోపలికి పోయిరి. విరామము దొరకినది. తోటిబాలురు ఆటకు రమ్మని ప్రహ్లాదుని పిలిచిరి. అతడు వారిని కసరలేదు, ఆట తప్పని చెప్పలేదు. చిరునవ్వుతో, దయతో దగ్గరకు పిలిచి మాటలాడెను. బాలురు ఆటవస్తువులను వదలి చుట్టును కూర్చుండి, చూపు మరల్చక వినిరి. గురువులు లేని సమయమున, పిల్లలు పిల్లలకు చెప్పుకొన్న పాఠమిది.

అతడు చెప్పిన సారాంశమిట్లున్నది. భగవద్ధర్మములను కౌమారముననే ఆచరింపవలెను. మనుష్యజన్మ దుర్లభము. అది నిలుచునది కాకపోయినను పురుషార్థమును ఇయ్యగలది. ఇంద్రియసుఖమును గూర్చి పరుగులు పెట్టనక్కరలేదు. ఎవరును కోరకయే దుఃఖము వచ్చుచున్నట్లు, ప్రాప్తమైన సుఖమును తానుగానే వచ్చును. దానికొరకు ఆయుస్సును వ్యయము చేయుట తగదు. శరీరము పటుత్వముతో నుండగనే క్షేమమునకై యత్నింపవలెను.

పిదప ఆ బాలుడు ఒక లెక్క వేసెను. మనుష్యుని ఆయుస్సు 100 ఏండ్లు అనుకొందము. ఇంద్రియములను జయింపనివానికి అందులో సగము, అనగా 50 ఏండ్లు, రాత్రి నిద్రలో పోవును. తెలియని బాల్యములోను ఆటపాటల కైశోరములోను 20 ఏండ్లు గడచును. ముదిమి పైబడి శరీరము స్వాధీనము కాని దశలో మరి 20 ఏండ్లు. మిగిలినవి పదియేండ్లు. ఆ పదియేండ్లును ఎన్నటికిని నిండని కోరికలలోను, ఇంటిపై మోహములోను తెలియకయే జారిపోవును.

ఇంత చిన్న లెక్క వేయుటకు గణితశాస్త్రము అక్కరలేదు. అయినను త్రివర్గమును బోధించు గురువులు దీనిని శిష్యులకు చెప్పలేదు. ధనమును ఎట్లు కూర్చవలెనో చెప్పిరే కాని, దానిని కూర్చుటకు వెచ్చించు కాలము ఎంత మిగిలియున్నదో చెప్పలేదు. ప్రహ్లాదుడు ఆ లోపమును చూపించెను. దొంగయు, కొలువులోని భటుడును, వర్తకుడును ప్రాణములను పణముగా పెట్టి ధనమును సంపాదించుచున్నారు. ప్రాణముకంటె ధనము ప్రియమైనట్లు ప్రవర్తించువాడు దానినుండి ఎట్లు మరలగలడు? పట్టుపురుగు తాను అల్లుకొన్న గూటిలో తానే చిక్కి, వెలుపలికి వచ్చు దారిని మిగుల్చుకొనదు. గృహాసక్తుడును అట్టివాడే.

అయినచో భగవంతుని సంతోషపెట్టుట గొప్ప ప్రయాసమా? కాదని ప్రహ్లాదుడు ధైర్యము చెప్పెను. ఆయన సర్వభూతములకును ఆత్మ, అంతటను సిద్ధముగా నున్నవాడు. దూరముననున్నవానికొరకు ప్రయాణసన్నాహము కావలెను. ఇచ్చటనే యున్నవానికొరకు అక్కరలేదు. సర్వప్రాణులపై దయయు స్నేహమును చూపినచో ఆయన సంతోషించును. కులము గాని, పాండిత్యము గాని, గొప్ప వ్రతములు గాని ఆయనను లోబరచుకొనవు. నిర్మలభక్తి ఒక్కటియే చాలును. రాక్షసబాలురను ఎదుట కూర్చుండబెట్టుకొని చెప్పిన మాట కనుక దీని బరువు మరింత హెచ్చు.

ఈ జ్ఞానము నీకెక్కడిదని బాలురు అడిగిరి. తాను గర్భస్థుడైయుండగా, ఇంద్రుడు తల్లిని పట్టుకొనిపోవుచుండెననియు, నారదులవారు అడ్డుపడి ఆమెను విడిపించి తన ఆశ్రమమున రక్షించి ధర్మమును బోధించిరనియు ప్రహ్లాదుడు చెప్పెను. ఆ బోధ తల్లియు విన్నది, గర్భములోని శిశువును వినెను. చాల కాలము గడచుటచే తల్లి మరచినది. ఋషి అనుగ్రహముచే తాను మరువలేదు. విన్న ధర్మమును వెంటనే ఆచరణలో పెట్టక కాలమునకు అప్పగించినచో ఏమగునో దీనివలన తెలియుచున్నది. రాజభవనపు సుఖములనడుమ ఆ తల్లి మనస్సునుండి నారదోపదేశమే తొలగిపోయినది.

చేతులు జోడించి పలికిన ‘కాదు’

బాలురందరు ప్రహ్లాదుని మాట పట్టుకొనిరి. గురువులు భయపడి రాజునకు చెప్పిరి. హిరణ్యకశిపుడు పాదము తాకిన సర్పమువలె బుసకొట్టెను. ఎవరి బలము చూచుకొని నా శాసనమును మీరుచున్నావని గర్జించెను. అప్పుడు ప్రహ్లాదుడు నిలిచిన విధమును భాగవతము ప్రత్యేకముగా చెప్పినది: వినయముతో వంగి, ఇంద్రియములను నిగ్రహించుకొని, చేతులు జోడించి నిలిచెను. నాకు మాత్రమే కాదు, మీకును, బలవంతులందరకును బలము ఆయనయే అని చెప్పెను. అదుపులేని మనస్సుకంటె వేరు శత్రువు లేడనెను. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. తండ్రిపై జాలి కలదు.

మాటకు లొంగకుండుట ఒకటి, మాట చెప్పినవారిని ద్వేషించుట మరియొకటి. ప్రహ్లాదుడు మొదటిది చేసెను, రెండవది చేయలేదు. ఈ తేడాను శ్రీవిష్ణుపురాణము మరింత స్పష్టముగా చూపుచున్నది. ప్రథమాంశములో పరాశరమహర్షి మైత్రేయునికి చెప్పిన ప్రహ్లాదచరిత్రలో పురోహితులు బాలునిపై కృత్యను ప్రయోగింతురు. అది బాలుని ఏమియు చేయలేక, ప్రయోగించిన వారినే దహించును. ప్రహ్లాదుడు పరుగెత్తి, వీరిని బ్రతికింపుమని భగవంతుని ప్రార్థించును. తన్ను చంపబూనిన వారిని కూడ ద్వేషింపలేదన్న సత్యమే అతడు ఒడ్డిన పణము. పురోహితులు లేచి కూర్చుండిరి.

అదే పురాణములో, నాగపాశములతో కట్టి సముద్రములో త్రోసి పర్వతములు మీద పడవేసిన పిమ్మట, భగవంతుడు ప్రత్యక్షమై వరము కోరుమనగా, ఎడబాయని భక్తి నిమ్మనియు, నన్ను ద్వేషించుటవలన తండ్రికి కలిగిన పాపము నశించునట్లు చేయుమనియు బాలుడు కోరును. సముద్రమునుండి వెడలివచ్చి తండ్రి పాదములకు మ్రొక్కును. అప్పుడు హిరణ్యకశిపుడు కుమారుని శిరస్సు మూర్కొని, కౌగిలించుకొని, కన్నుల నీరు నింపుకొని, బ్రతికియున్నావా నాయనా అని పలుకరించి పశ్చాత్తాపపడెనని పరాశరులు చెప్పుచున్నారు. ప్రహ్లాదుడును తండ్రికిని గురువులకును శుశ్రూష చేసెను. నరసింహావతారము ఆ తరువాతి మాట. తండ్రి మనస్సు ఒక్క ఘడియయైనను కరగినదనుట అంతగా ప్రచారములో లేని ఘట్టము, తెలిసికొనదగిన ఘట్టము.

భాగవతములో స్తంభమునుండి ఆవిర్భవించిన నరసింహుడు, పగలును రాత్రియు కాని సంధ్యాకాలమున, ఇంటికి లోపలయు వెలుపలయు కాని గడపపై, నేలయు ఆకాశమును కాని తన తొడపై, ఆయుధములు కాని గోళ్ళతో హిరణ్యకశిపుని సంహరించెను. అన్ని ద్వారములు మూసికొన్నవానికి ‘ఇది’ అనియు ‘అది’ అనియు చెప్పరాని సంధి ఒకటి మిగిలిపోయినది. గడచినదానికిని రానున్నదానికిని నడుమనున్న సంధియే వర్తమానము. హిరణ్యకశిపుడు ఎన్నడును లెక్కింపని ఆ సంధిలోనే భగవంతుడు అతనికి ఎదురయ్యెను. ప్రహ్లాదుడు ఆ సంధిలోనే నిత్యము ఆయనను చూచుచుండెను.

తరువాత ప్రహ్లాదుడు వరములను ఒల్లలేదు. ప్రతిఫలము కోరువాడు సేవకుడు కాడు, వర్తకుడు అనెను. ఇయ్యదలచినచో నా హృదయములో కోరికలు మొలవకుండ చేయుమనెను. తండ్రి పవిత్రుడు కావలెనని మాత్రము మరల అడిగెను. 21 తరములతో నీ తండ్రి పవిత్రుడయ్యెనని స్వామి సెలవిచ్చి, తండ్రికి ఉత్తరక్రియలు జరిపి సింహాసనమును అధిష్ఠింపుమని ఆజ్ఞాపించెను. తొలుత వనమునకు పోవుట మేలన్న బాలుడు వనమునకు పోలేదు. స్వామి ఆజ్ఞచే రాజ్యమును స్వీకరించెను. తండ్రికి చేయవలసిన పుత్రధర్మములో ఒక్కటియు విడువలేదు.

మనుమనికి అదే పరీక్ష

ఈ పాఠము ఆ వంశములో నిలిచినది. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడు, అతని కుమారుడు బలిచక్రవర్తి. వామనమూర్తి మూడడుగుల నేల అడిగినప్పుడు గురువైన శుక్రాచార్యుడు బలిని వారించెను. వచ్చినవాడు విష్ణువు, సర్వము హరించును, రేపు నీవు ఎట్లు బ్రతికెదవు అనెను. ఇదియు భవిష్యత్తుపేర వచ్చిన ఒత్తిడియే, అదియును హితము కోరిన గురువునుండియే. బలి గురువును నిందింపలేదు. ఇచ్చిన మాట తప్పలేననెను. సంపద పోవునని గురువు శపించినను ఆ శాపమును శిరసావహించి అప్పటికప్పుడు ధారపోసెను.

అప్పుడు గరుడుడు బలిని వరుణపాశములతో బంధించెను. తాతకు చండామార్కులు చెప్పిన బంధమే మనుమనికిని తగిలినది. ఆ సమయమున ప్రహ్లాదుడు స్వయముగా అచ్చటికి విచ్చేసెను. ఐశ్వర్యము ఇచ్చినది నీవే, తీసికొన్నదియు నీవే, ఇది మనుమనిపై అనుగ్రహమే అని స్వామిని స్తుతించెను. తుదకు స్వామి ఆజ్ఞచే శుక్రాచార్యుడే బలి యజ్ఞములోని లోపమును సరిచేసి పూర్తి గావించెను. గురుశిష్యులనడుమ ద్వేషము మిగులలేదు.

శ్రీవైష్ణవాచార్యులు శరణాగతిని గూర్చి చెప్పినది ఇక్కడ స్మరణీయము. ప్రపత్తికి ఇదియే దేశము, ఇదియే కాలము అను నియమము లేదని పిళ్ళైలోకాచార్యులు శ్రీవచనభూషణమున నిర్ణయించిరి. ద్రౌపది స్నానశుద్ధి లేని స్థితిలోనే సభలో శరణు వేడినది. అర్జునుడు రెండు సేనలనడుమ చరమశ్లోకమును వినెను. వీరిలో ఎవరును మంచి సమయము వచ్చువరకు ఆగలేదు. శరణనిన సమయమే మంచి సమయమైనది.

గృహస్థులు గ్రహింపవలసినది

ఈ చరిత్రను అడ్డుపెట్టుకొని పిల్లలు చదువు మానరాదు. ప్రహ్లాదుడు పాఠమును విని, నేర్చి, అప్పగించిన విద్యార్థి. తమకు ఇష్టము లేని ప్రతి మాటను కాదనుటకు అతని పేరు చెప్పుకొనరాదు. భగవంతుని విడువుమని, ధర్మమును విడువుమని చెప్పినప్పుడు మాత్రమే అతడు లొంగలేదు. అట్లు లొంగనందున వచ్చిన కష్టమును తానే భరించెను, ఇతరులపైకి నెట్టలేదు. చేతులు జోడించుట మానలేదు. ఈ మూడు గుర్తులు ఉన్నచోటనే పెద్దల మాట కాదనుటకు ప్రహ్లాదుడు ప్రమాణము.

తల్లిదండ్రులు గ్రహింపవలసినది ఇంకను ముఖ్యము. బిడ్డ భవిష్యత్తును గూర్చి ఆలోచించుట వారి ధర్మమే. కాని తమకు తీరని కోరికను, తమకు కలిగిన భయమును బిడ్డ తలపై మోపుట ధర్మము కాదు. తెలుగునాట పరీక్షాఫలితములు వెలువడు దినములలో ఎన్ని యిండ్లు వణకుచున్నవో అందరు ఎరుగుదురు. 2019లో తెలంగాణములో ఇంటర్మీడియట్ ఫలితముల అనంతరము పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిన విషాదము మరువరానిది. రేపటి పేరుతో నేటి బిడ్డనే పోగొట్టుకొన్న తల్లిదండ్రుల శోకమునకు ఓదార్పు లేదు. మార్కులు తక్కువ వచ్చిన దినమున బిడ్డను ఒడినుండి నేలకు విసరు తండ్రిగా కాక, సముద్రమునుండి వెడలివచ్చిన కుమారుని కౌగిలించి, బ్రతికియున్నావా నాయనా అని పలుకరించిన తండ్రిగా నుండుట మేలు. హిరణ్యకశిపునికి కూడ ఆ ఒక్క ఘడియ సాధ్యమైనప్పుడు, భక్తులకు అసాధ్యము కారాదు.

ఇంటిలో తిరువారాధనము జరుగుచుండగా పిల్లవాడు వచ్చి కూర్చున్నచో, "నీకిప్పుడెందుకు, పోయి చదువుకొనుము" అని లేపరాదు. తీర్థము పుచ్చుకొని, ఒక నామము చెప్పుకొని లేచినంతమాత్రమున చదువు చెడదు. చదువునప్పుడు చదువునందే, అన్నము తినునప్పుడు అన్నమునందే మనస్సు నిలిపి, దానిని స్వామికి సమర్పించుట నేర్పవలెను. ఇది నేర్చినవానికి రేపటి భయము తానుగా తగ్గును. పెద్దలును ఉద్యోగవిరమణానంతరము చూచుకొందమని దాచియుంచిన పారాయణమును నేడే ఒక్క అధ్యాయముతో ప్రారంభింపవలెను. నూరేండ్ల లెక్కలో మిగిలినది ఎంతయో ఎవరికి వారే వేసికొనవచ్చును.

నంద్యాల జిల్లాలోని అహోబిలక్షేత్రము తిరుమంగై ఆళ్వారు పాశురములచే కీర్తింపబడిన దివ్యదేశము. ఎగువ అహోబిలపు కొండలలో స్తంభోద్భవస్థానముగా కొలువబడు ఉగ్రస్తంభముతోపాటు, ‘ప్రహ్లాద బడి’ అని యాత్రికులు దర్శించు తావు ఒకటి కలదు. నవనారసింహులను సేవించు యాత్రికులు పిల్లలతో అక్కడికి పోయినప్పుడు ఒక్క నిమిషము ఆగి, గురువులు లోపలికి పోయిన ఆ విరామకాలమును తలచుకొందురు గాక. ఆ బడిలో అన్నిటికంటె గొప్ప పాఠము గంటల పట్టికలో లేనిది, ఒక బాలుడు తనకు దొరకిన కొద్ది సమయములో తోటివారికి చెప్పినది. దొరకిన కొద్ది సమయము ఇప్పుడును ప్రతివారి చేతిలో నున్నది. ప్రహ్లాదవరదుడైన శ్రీలక్ష్మీనృసింహస్వామి దానిని సార్థకము చేసికొను బుద్ధిని పెద్దలకును పిల్లలకును ప్రసాదించుగాక.